రెండు లావు గైడ్లనూ ఓ పక్కన పెట్టండి

ప్రశ్న: "మాది ఆదోని సార్. బీకాం తెలుగు మీడియంలో చదివి మూడేండ్లయింది. పత్తి మండీలో లెక్కలు రాస్తాండా. పొద్దున తొమ్మిదికి పోతే రాత్రి ఏడున్నరకు ఇల్లు చేరతా. పోయినసారి మూడేండ్ల లా కోర్సుకని లాసెట్ రాసినా. 38 మార్కులొచ్చినాయి, క్వాలిఫై కాలేదు. టైం సాలక, మైనస్ మార్కులుంటాయేమోనని భయపడి 24 ప్రశ్నలు వదిలేసినా. ఈసారి ఇంక 50 దినాలుండాయి. జీకేకు రెండు లావు గైడ్లు కొన్నా, ఒగోటి 900 పేజీలు. రాత్రి సదివింది పొద్దునకు గుర్తుండ్లేదు. యాడ మొదలుపెట్టాల? కర్నూలుకు పోయి కోచింగ్ తీసుకుంటే బాగుంటాదా?"

సమాధానం: ముందు ఆ 24 ప్రశ్నల సంగతి చూద్దాం. లాసెట్‌లో 120 ప్రశ్నలు, 120 మార్కులు, 90 నిమిషాలు. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు రావాలి (ఎస్సీ, ఎస్టీలకు ఈ కనీస మార్కుల నిబంధన లేదు). మీరు వదిలేసిన 24 ప్రశ్నలకూ కళ్ళు మూసుకుని ఏదో ఒక ఆప్షన్ నొక్కినా, నాలుగింట ఒకటి చొప్పున సగటున ఆరు తగిలేవి. 38కి ఆరు కలిపితే 44. అంటే పోయినసారి మిమ్మల్ని ఆపింది చదువు లోపం కాదు, లేని మైనస్ మార్కుల భయం.

అలాగని 44తో సరిపెట్టుకోవద్దు. అర్హత వచ్చినంత మాత్రాన సీటు రాదు, అది ర్యాంకును బట్టి వస్తుంది. మీ ఊరికి అందుబాటులో, ఫీజు తక్కువగా ఉండే కాలేజీలో సీటు కావాలంటే 75 మార్కులు దాటాలన్న లెక్కతో కూర్చోండి. మీకున్న 50 రోజుల్లో అది అయ్యే పనే. కాకపోతే ఇప్పుడు చదువుతున్న పద్ధతిలో కాదు.

పేపర్‌లో మూడు భాగాలు. పార్ట్ ఎ జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30. పార్ట్ బి కరెంట్ అఫైర్స్ 30. పార్ట్ సి న్యాయశాస్త్ర అధ్యయన ఆప్టిట్యూడ్ 60. ఈ మూడోదానిలో వచ్చేవి రాజ్యాంగం, న్యాయ మౌలిక సూత్రాలు. పేపర్లో సగం అక్కడే ఉంది. పైగా దానికి హద్దు ఉంది. ఒక ఇంటర్ సివిక్స్ పుస్తకం, ఒక రాజ్యాంగ పరిచయం, ఓ యాభై న్యాయ సూత్రాలు, పాత ప్రశ్నపత్రాలతో అది పూర్తవుతుంది. జీకేకు హద్దు లేదు. మీరు 1800 పేజీలు ముందేసుకుని రాత్రిళ్ళు కూర్చుంటున్నది మెంటల్ ఎబిలిటీ పోగా మిగిలే ఆ కాసిన్ని మార్కుల కోసం. హంద్రీలో చింతపండు పిసికినట్టే.

పొద్దున గంటన్నర, రాత్రి గంట దొరుకుతుందనుకుందాం. 50 రోజులకు 125 గంటలు. అందులో 65 గంటలు పార్ట్ సి కి, 25 మెంటల్ ఎబిలిటీకి, 20 కరెంట్ అఫైర్స్‌కు పెట్టండి. జీకేకు 15 చాలు. పొద్దున గంటన్నర దాదాపు ఎప్పుడూ పార్ట్ సి కే. పగలంతా అంకెలు రాసి వచ్చిన బుర్రతో రాత్రిపూట ఆర్టికల్స్ బట్టీ పడితే మీరన్నట్టే పొద్దునకు ఉండవు. రాత్రి లెక్కలు చేయండి, పేపరు చదవండి.

ఇక రాజ్యాంగం. ఒకటో ఆర్టికల్ నుంచి వరుసగా మొదలుపెట్టినవాళ్ళు చాలామంది 30 దాటరు. గుంపులుగా పట్టుకోండి. ప్రాథమిక హక్కుల్లో 14–18 సమానత్వం, 19–22 స్వేచ్ఛ, 23–24 దోపిడీ నుంచి రక్షణ, 25–28 మతస్వేచ్ఛ, 29–30 సాంస్కృతిక, విద్యా హక్కులు, 32 రాజ్యాంగ పరిహార హక్కు. మధ్యలో 31 ఏమైందని అడగండి. అక్కడ ఆస్తి హక్కు ఉండేది. 1978 నాటి 44వ సవరణ దాన్ని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసి 300ఎ కింద చట్టబద్ధ హక్కుగా మార్చింది. ఇలా ఖాళీ ఎక్కడుందో, ఎందుకుందో చూసుకుంటూ పోతే గుర్తుంటుంది, ప్రశ్నలు వచ్చేదీ అలాంటి చోటే.

పదవులు, అధికారాలను కేంద్రం–రాష్ట్రం జంటలుగా రాసుకోండి. క్షమాభిక్ష 72, 161. అటార్నీ జనరల్ 76, అడ్వొకేట్ జనరల్ 165. ద్రవ్య బిల్లు 110, 199. బడ్జెట్ 112, 202. ఆర్డినెన్స్ 123, 213. సుప్రీంకోర్టు 124, హైకోర్టు 214. ఒకటి గుర్తొస్తే రెండోది తనే వస్తుంది. జంటలోని తేడా కూడా పక్కనే రాయాలి. కోర్ట్ మార్షల్ శిక్షలో క్షమాభిక్ష రాష్ట్రపతి పెట్టగలరు, గవర్నర్‌కు ఆ అధికారం లేదు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి 65 ఏళ్ళకు, హైకోర్టు న్యాయమూర్తి 62 ఏళ్ళకు పదవీ విరమణ చేస్తారు.

వందకు పైగా సవరణలన్నీ చదవనక్కర్లేదు. 42 (1976: పీఠికలో సామ్యవాద, లౌకిక, సమగ్రత పదాలు, పది ప్రాథమిక విధులు), 44, 52 (ఫిరాయింపుల నిరోధం, పదో షెడ్యూల్), 61 (ఓటు వయసు 21 నుంచి 18), 73, 74 (పంచాయతీలు, మున్సిపాలిటీలు), 86 (2002: 21ఎ విద్యాహక్కు, పదకొండో ప్రాథమిక విధి), 101 (జీఎస్టీ), 103 (ఈడబ్ల్యూఎస్, అంటే ఆర్థికంగా బలహీన వర్గాల రిజర్వేషన్), 106 (2023: చట్టసభల్లో మహిళా రిజర్వేషన్) ముందు గట్టిగా పట్టండి. ఇక్కడ జరిగే తప్పు ఒకటుంది. ప్రాథమిక విధులు ఎన్ని అంటే పదకొండు, 42వ సవరణ చేర్చినవి ఎన్ని అంటే పది. ప్రశ్న సగం చదివి నొక్కేవాళ్ళకు ఆ మార్కు పోతుంది.

రిట్లు, అంటే హక్కుల కోసం వెళ్తే కోర్టు ఇచ్చే ఆదేశాలు, ఐదు. పేర్లు బట్టీ పట్టడం కంటే ఏ సందర్భానికి ఏది అన్నది ముఖ్యం, ఎందుకంటే ప్రశ్న సందర్భం ఇచ్చి అడుగుతుంది. ఒక మనిషిని అరెస్టు చేసి 24 గంటలు దాటినా మేజిస్ట్రేట్ ముందు పెట్టలేదు: హెబియస్ కార్పస్, తెలుగులో బందీ ప్రత్యక్ష. చట్టప్రకారం చేయాల్సిన పనిని అధికారి చేయడం లేదు: మాండమస్, పరమాదేశ. కింది కోర్టు తన పరిధిలో లేని కేసును వింటోంది, తీర్పు ఇంకా రాలేదు: ప్రొహిబిషన్, నిషేధ. అదే కేసులో తీర్పు ఇచ్చేసింది: సెర్షియోరరీ, ఉత్ప్రేషణ. అర్హత లేని మనిషి ప్రభుత్వ పదవిలో కూర్చున్నాడు: కో వారంటో, అధికార పృచ్ఛ. ఈ చివరిదాన్ని ఆ వ్యవహారంతో సొంత నష్టం లేనివాళ్ళు కూడా వేయవచ్చు. రిట్లకు సుప్రీంకోర్టుకైతే ఆర్టికల్ 32, హైకోర్టుకైతే 226. ఏది విస్తృతం అంటే చాలామంది సుప్రీంకోర్టు అంటారు. కాదు, 226 విస్తృతం. 32 ప్రాథమిక హక్కులకే, 226 ఇతర చట్టబద్ధ హక్కులకూ పనిచేస్తుంది.

మీరు తెలుగు మీడియం కాబట్టి రెండు పేర్లూ కలిపే రాసుకోండి. ప్రశ్నపత్రం ఇంగ్లిషు, తెలుగు రెండింటిలోనూ ఉంటుంది. తెలుగు అనువాదం చదివి అర్థం కాకపోతే కంగారు పడకుండా ఇంగ్లిషు మూలం చూడండి, "ఉత్ప్రేషణ" దగ్గర ఆగిపోయినవాళ్ళు సెర్షియోరరీ కనిపించగానే జవాబు పెట్టేస్తారు.

న్యాయ సూత్రాల్లో లాటిన్ మాటలు భయపెడతాయి గానీ ఒక్కోదానికి బజారులో ఒక ఉదాహరణ దొరుకుతుంది. మీ దుకాణం ఎదురుగా ఇంకొకాయన దుకాణం పెట్టి ధర తగ్గించి అమ్మాడు. మీకు నష్టం వచ్చింది, కానీ మీ హక్కు ఏదీ భంగం కాలేదు, దావా నిలవదు. అది డామ్నమ్ సైన్ ఇంజూరియా. ఓటరు జాబితాలో పేరున్న మిమ్మల్ని ఓటు వేయనివ్వలేదు, అయినా మీరు మెచ్చిన అభ్యర్థే గెలిచాడు. నష్టం లేదు, హక్కు మాత్రం పోయింది, దావా నిలుస్తుంది. అది ఇంజూరియా సైన్ డామ్నో, ఆష్‌బీ వర్సెస్ వైట్ కేసు. ఈ రెంటినీ తారుమారు చేయడం ప్రతి ఏడూ జరిగే పొరపాటు. మాటల్లో "సైన్" అంటే "లేకుండా" అని తెలిస్తే చాలు: మొదటిది హక్కుభంగం లేని నష్టం, రెండోది నష్టం లేని హక్కుభంగం.

కాంట్రాక్టు చట్టం (1872)లో 17 ఏళ్ళ కుర్రాడు ప్రామిసరీ నోటు రాసిచ్చిన ప్రశ్న తరచూ కనిపిస్తుంది. ఆప్షన్లలో "చెల్లనిది", "రద్దు చేయదగినది" రెండూ ఉంటాయి. మైనర్ ఒప్పందం మొదటినుంచే చెల్లదు, 1903లో మొహరీ బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. బెదిరించో మోసగించో రాయించుకున్నదైతే రద్దు చేయదగినది, అంటే నష్టపోయినవాడు కావాలంటే ఉంచుకోవచ్చు, వద్దంటే రద్దు చేయించుకోవచ్చు. టార్టుల్లో (పరిహారం కోరదగిన సివిల్ తప్పిదాలు) రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ (కఠిన బాధ్యత), ఎం.సి. మెహతా ఓలియం గ్యాస్ కేసు (సంపూర్ణ బాధ్యత), డొనోహ్యూ వర్సెస్ స్టీవెన్‌సన్ 1932 (నిర్లక్ష్యం) చాలు. రాజ్యాంగ కేసుల్లో గోలక్‌నాథ్ 1967, కేశవానంద భారతి 1973 (13 మంది న్యాయమూర్తులు, 7–6), మేనకా గాంధీ 1978, మినర్వా మిల్స్ 1980, బొమ్మై 1994, పుట్టస్వామి 2017 (గోప్యత హక్కు).

ఇప్పుడు మీ గైడ్లు తీసి ముద్రణ సంవత్సరం చూడండి. 2024 కంటే పాతవైతే నేర చట్టాల పేజీలన్నీ మీకు ప్రమాదమే. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్), సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్), సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం అమలులోకి వచ్చాయి. 511 సెక్షన్ల ఐపీసీ పోయి 358 సెక్షన్ల బీఎన్ఎస్ వచ్చింది. హత్యకు శిక్ష 302 కాదు, 103. మోసానికి జనం నోట్లో నానిన 420 ఇప్పుడు 318(4). వరకట్న మరణం 304బి నుంచి 80కి, భర్త, అత్తింటివారి క్రూరత్వం 498ఎ నుంచి 85కి మారాయి. ఎఫ్ఐఆర్ 154 పోయి బీఎన్ఎస్ఎస్ 173 అయింది.

అసలు ఇరకాటం ఎక్కడంటే, కొన్ని పాత అంకెలే కొత్త చట్టంలో వేరే పనికి వచ్చాయి. 144 అనగానే నలుగురు గుమిగూడకూడదన్న నిషేధాజ్ఞలు గుర్తొస్తాయి. అవి ఇప్పుడు 163లో ఉన్నాయి. బీఎన్ఎస్ఎస్ 144 అంటే భార్యాపిల్లలకు, తల్లిదండ్రులకు మనోవర్తి, పాత 125. అలాగే 482 పాత చట్టంలో హైకోర్టు సహజాధికారం, కొత్త చట్టంలో ముందస్తు బెయిలు. హైకోర్టు అధికారం 528కి వెళ్ళింది. కాబట్టి ప్రశ్నలో అంకె కంటే ముందు చట్టం పేరు చదవాలి. మూడు నిలువు గీతలతో ఒక పేజీ పెట్టి నేరం, పాత సెక్షన్, కొత్త సెక్షన్ రాయండి. ముప్ఫై వరసలు మించనక్కర్లేదు. కొత్తగా వచ్చిన శిక్ష సమాజ సేవ అన్నదీ ఆ పేజీ అడుగున ఉండాలి.

మెంటల్ ఎబిలిటీకి మీరు భయపడక్కర్లేదు, రోజూ మండీలో చేసేది లెక్కలే. సిరీస్, కోడింగ్, దిక్కులు, రక్త సంబంధాలు, గడియారం, క్యాలెండర్, శాతాలు. రాత్రికి 20 ప్రశ్నలు, ఫోన్‌లో టైమర్ పెట్టి 20 నిమిషాల్లో. వారం తర్వాత 15 నిమిషాలకు తగ్గించండి. గడియారంలో ముళ్ళ మధ్య కోణానికి గంటను 30తో, నిమిషాలను 5.5తో గుణించి తేడా తీయండి. 3:40కి 90, 220. తేడా 130 డిగ్రీలు. తేడా 180 దాటితే 360 నుంచి తీసేయాలి, మరిచిపోయేది ఆ చివరి మెట్టే.

క్యాలెండర్‌కు మన ప్రాంతపు లెక్కే ఒకటి చేద్దాం. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబర్ 1న, గురువారం ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956 నవంబర్ 1 ఏ వారం? 1956 అక్టోబర్ 1కి మూడేళ్ళు, మామూలు ఏడాదికి ఒక్కో రోజు చొప్పున మూడు. 1956 లీపు సంవత్సరం, ఫిబ్రవరి 29 మధ్యలో వచ్చింది, ఇంకొకటి, మొత్తం నాలుగు. అక్టోబర్ 31 రోజులు, ఏడుతో భాగిస్తే శేషం మూడు. నాలుగూ మూడూ ఏడు, శేషం సున్నా. అంటే మళ్ళీ గురువారమే. లీపు రోజు ఆ వ్యవధిలో పడిందో లేదో చూడకుండా ఏడాదిని బట్టి కలిపేయడం వల్లే ఈ లెక్కలు తప్పుతాయి.

జీకేలో పైనుంచి కిందికి కాకుండా ఇంటి దగ్గర్నుంచి బయటికి రండి. మీ ఆదోనే 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోని బళ్ళారి జిల్లాలో ఉండేది. ఆలూరు, రాయదుర్గంతో పాటు ఆంధ్రకు వచ్చింది, బళ్ళారి మైసూరుకు పోయింది. ఆ దారం పట్టుకుంటే 1937 నవంబర్ 16 శ్రీబాగ్ ఒడంబడిక (కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య ఒప్పందం), 1952 డిసెంబర్ 15 పొట్టి శ్రీరాములు మరణం, హైకోర్టు గుంటూరుకు వెళ్ళడం, 2019 జనవరి 1 నుంచి అమరావతిలో హైకోర్టు వరుసగా వస్తాయి. లోకాయుక్త, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ 2021లో కర్నూలుకు తరలివచ్చాయి. లా విద్యార్థికి ఇవి జీకే మాత్రమే కాదు. జిల్లాల విషయంలో పాత పుస్తకాన్ని నమ్మవద్దు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాక బేలం గుహలు, అహోబిలం నంద్యాల జిల్లాలోకి, లేపాక్షి, పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి. పాత గైడు ఇంకా కర్నూలు, అనంతపురం అంటుంది.

కరెంట్ అఫైర్స్‌కు పరీక్షకు ముందు ఎనిమిది నెలలు చూసుకోండి. రోజూ పేపరు మొత్తం చదివితే గంట పోతుంది. రాజకీయ నాయకుల తిట్లు వదిలేసి నాలుగు రకాలే రాసుకోండి: ఎవరు ఏ పదవిలోకి వచ్చారు, ఏ అవార్డు ఏ రంగంలో ఎవరికి, ఏ సమావేశం లేదా ఆటలపోటీ ఎక్కడ, ఏ చట్టం లేదా తీర్పు ఏం చెప్పింది. వార్తకు ఒక్క వాక్యం, రోజుకు ఆరేడు వాక్యాలు. చివరి రకానికి రెండు వాక్యాలు ఇవ్వండి, అవి పార్ట్ సి లో కూడా పనికొస్తాయి.

గుర్తుండటం లేదన్నారు. గైడు చదువుతూ పోతే ఎవరికీ ఉండదు, ఎందుకంటే కళ్ళముందు జవాబు ఉన్నంతసేపూ తెలిసినట్టే అనిపిస్తుంది. పేజీ చదివాక మూసి, తెల్ల కాగితంపై గుర్తున్నది రాసి, మళ్ళీ తెరిచి తేడా చూడండి. అదే పేజీని నాలుగో రోజు, పదో రోజు, ఇరవై ఐదో రోజు ఇలాగే రాయండి. పాత ప్రశ్నపత్రం చేసేటప్పుడు సరైన జవాబుతో ఆగకుండా మిగిలిన మూడు ఆప్షన్లు ఎందుకు కాదో పక్కన రాయండి. ఈ ఏడు అడిగిన ప్రశ్నలో తప్పు ఆప్షన్ వచ్చే ఏటికి జవాబు అవుతుంటుంది. తప్పు చేసిన ప్రశ్నలకు వేరే నోటుపుస్తకం, ఆఖరి వారం అదొక్కటే చదవాలి.

ఏడు ఆదివారాలు దొరుకుతాయి. ప్రతి ఆదివారం 90 నిమిషాలకు ఒక పూర్తి పేపర్. పరీక్ష కంప్యూటర్ మీద కాబట్టి కనీసం మూడు పేపర్లు ఇంటర్నెట్ సెంటర్లో మౌస్ పట్టుకుని రాయండి. ముందు పార్ట్ సి 60 ప్రశ్నలు 30 నిమిషాల్లో, తర్వాత పార్ట్ బి 12 నిమిషాల్లో ముగించండి. ఇవి తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు, ఆలోచించి రాబట్టేవి కావు. పార్ట్ ఎ కి 33 నిమిషాలు ఇవ్వండి. ఇంకా 15 నిమిషాలు మిగులుతాయి. తెలియనిదాన్ని దాటిపోయేముందు కూడా ఏదో ఒక ఆప్షన్ పెట్టి, రివ్యూకు గుర్తు వేసుకుని వెళ్ళండి. చివర్లో టైం లేక ఖాళీ వదిలే పరిస్థితి అప్పుడు రాదు.

కోచింగ్ విషయం. ఆదోని నుంచి కర్నూలు దాదాపు వంద కిలోమీటర్లు. రోజూ వెళ్ళి వస్తే మీకున్న రెండున్నర గంటలూ బస్సులోనే అయిపోతాయి, ఉద్యోగమూ నిలవదు. 50 రోజులకు దాని అవసరం లేదు. ఆ డబ్బుతో కొత్త నేర చట్టాలున్న ఒక పుస్తకం, గత ఐదేళ్ళ ప్రశ్నపత్రాలు కొనుక్కోండి. మిగిలింది దాచుకోండి. ఎందుకంటే మీరు అడగని ప్రశ్న ఒకటుంది. మూడేళ్ళ ఎల్ఎల్‌బీ పగటిపూట నడిచే రెగ్యులర్ కోర్సు, బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం 70 శాతం హాజరు కావాలి. తొమ్మిది నుంచి ఏడున్నర దాకా మండీలో ఉంటే అది కుదరదు. సాయంత్రం పూట లెక్కలు రాయడానికి మీ షావుకారు ఒప్పుకుంటాడేమో కౌన్సెలింగ్ మొదలయ్యేలోపే అడిగి పెట్టుకోండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలకు కూడా ఇప్పుడే సచివాలయంలో దరఖాస్తు ఇవ్వండి, ర్యాంకు వచ్చాక తిరిగితే ఆలస్యమవుతుంది.